తలకింత చొప్పున వేసిన శిక్ష

1844 సెప్టెంబరు నెలాఖరులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్‌టన్ పట్టణం నుంచి ఒక అద్దె గుర్రబ్బండి ఒహైయో నది దిక్కుగా బయలుదేరింది. చూసేవారికి అది ఒక పాదిరీ, ఒక పంతులమ్మ కలిసి చేస్తున్న మామూలు ప్రయాణం. పాదిరీ కాల్విన్ ఫేర్‌బ్యాంక్ న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన మెథడిస్టు. పంతులమ్మ డీలియా వెబ్‌స్టర్ వెర్మాంట్ నుంచి వచ్చి లెక్సింగ్‌టన్‌లో ఆడపిల్లలకు చదువు చెబుతున్నారు. బండిలో వారితో పాటు లూయిస్ హేడెన్ అనే హోటలు పనివాడు, అతని భార్య హ్యారియెట్, వారి చిన్న కొడుకు ఉన్నారు. ఆ ముగ్గురూ బానిసలు. దూరం నుంచి చూసేవారికి తెల్లజాతివారిలా కనిపించేందుకు భార్యాభర్తలు మొహాలకు పిండి పూసుకున్నారు. దారిలో అలికిడి అయినప్పుడల్లా పిల్లవాడిని సీటు కింద దాచారు.

హేడెన్ కుటుంబం నది దాటి, బానిసత్వం లేని ఉత్తరాదిన పడి, చివరకు స్వేచ్ఛగా బతకగలిగింది. వారిని దాటించి తిరిగి వస్తున్న ఫేర్‌బ్యాంక్, వెబ్‌స్టర్ మాత్రం దొరికిపోయారు. బండి తోలిన ఇజ్రాయెల్ కూడా బానిసే. అతన్ని కొరడాతో యాభై దెబ్బలు కొట్టి, జరిగిందంతా చెప్పించారు. విచారణలో వెబ్‌స్టర్‌కు రెండేళ్ల జైలుశిక్ష పడింది, కానీ ఆమె స్త్రీ కనుక క్షమించాలని శిక్ష వేసిన జ్యూరీయే గవర్నర్‌ను కోరడంతో కొద్ది వారాల్లోనే బయటికి వచ్చారు. ఫేర్‌బ్యాంక్‌కు 15 ఏళ్ల కఠిన శిక్ష వేశారు. లూయిస్‌కు అయిదు, హ్యారియెట్‌కు అయిదు, సీటు కింద దాగిన పిల్లవాడికి అయిదు.

ఈ కూడిక దగ్గర కాస్త ఆగాలి. బానిసలను విడిపించినవారి కథలు చెప్పేటప్పుడు మనం సాధారణంగా వారి తెగువను, రాత్రివేళ ప్రయాణాలను, అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అని పేరుపడ్డ రహస్య సహాయకుల గొలుసును గుర్తుచేసుకుంటాం. వారికి పడ్డ శిక్షలను ఆ తెగువకు చెల్లించిన మూల్యంగా ఒక్క వాక్యంలో దాటేస్తాం. కానీ ఆ శిక్షల తీర్పులను దగ్గరగా చూస్తే, నాటి చట్టం మనుషులను ఎలా చూసిందో అంత స్పష్టంగా మరే పత్రమూ చెప్పదు. పశువులను తోలుకుపోయిన దొంగకు పశువుకింత అని లెక్కకట్టినట్టే, మనిషిని విడిపించినవారికి తలకింత అని శిక్ష కట్టారు. ఆ లెక్కలోకి దిగేసరికి చట్టం తనకు తానే అడ్డం తిరిగిన చోట్లు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మొదటి చిక్కు నేరం పేరులోనే ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ నేరాన్ని బానిసల దొంగతనం అనేవారు, లేదా బానిసకు లేనిపోనివి నూరిపోసి యజమాని దగ్గర నుంచి లేచిపోయేలా చేయడం అనేవారు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. ధాన్యపు బస్తాను దొంగిలించవచ్చు గానీ దానికి ఎవరూ ఏమీ నూరిపోయలేరు. నూరిపోయాలంటే వినేందుకు చెవి ఉండాలి, ఆలోచించేందుకు మనసు ఉండాలి, కాళ్లు కదిలించే నిర్ణయం అవతలి మనిషిదై ఉండాలి. బానిసకు స్వేచ్ఛ మీద స్వంతంగా ఆశ పుడుతుందని ఒప్పుకుంటే ఆస్తి అన్న వాదం కూలిపోతుంది, అందుకని ఆ ఆశను ఎక్కడినుంచో వచ్చిన పరాయివాడు పెట్టిన చిచ్చుగా చూపవలసి వచ్చింది. సాయం చేసినవారి మీద దక్షిణాదికి ఉన్న కోపంలో అధికభాగం ఇక్కడినుంచే పుట్టిందని నా అభిప్రాయం. పారిపోయిన మనిషి విలువ కొన్ని వందల డాలర్లు, అది పెద్ద నష్టమే, కానీ తన ఇంట్లో పనివారు తనతో తృప్తిగా ఉన్నారన్న నమ్మకం పోవడం అంతకన్నా పెద్ద నష్టం. ఎందుకు స్వేచ్ఛ కావాలని ఫేర్‌బ్యాంక్ అడిగినప్పుడు, తాను మనిషిని గనుక అని హేడెన్ చెప్పిన సమాధానం ఏ అభియోగపత్రంలోనూ ఇమిడేది కాదు.

సాక్ష్యాల విషయంలోనూ ఇదే తికమక. 1841లో ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీ పట్టణం నుంచి అలాన్సన్ వర్క్, జేమ్స్ బర్, జార్జ్ థాంప్సన్ అనే ముగ్గురు మిసిసిపీ నది దాటి మిస్సోరిలోకి వెళ్లి, కొందరు బానిసలను తప్పించేందుకు మాట్లాడారు. ఆ బానిసలు వారిని నమ్మలేక సంగతి యజమానుల చెవిన వేశారు. అపరిచితుడు వచ్చి విడిపిస్తానంటే నమ్మి మోసపోయి మరింత దూరానికి అమ్ముడుపోయిన మనుషులున్న కాలం అది, కనుక వారిని తప్పుపట్టలేం. కోర్టులో తెల్లజాతివారికి వ్యతిరేకంగా బానిస నోటి మాట చెల్లదు. అందువల్ల బానిసలు తమకు ఏం చెప్పారో యజమానులు వచ్చి కోర్టుకు చెప్పారు. బానిస నోట వస్తే చెల్లని మాట యజమాని నోట తిరిగి వచ్చేసరికి చెల్లింది. ఒక్క మనిషైనా తప్పించుకోకపోయినా ముగ్గురికీ 12 ఏళ్ల చొప్పున శిక్ష పడింది. వర్క్‌ను 1845లో తన సొంత రాష్ట్రం కనెక్టికట్‌కు తిరిగి వెళ్లిపోవాలన్న షరతు మీద వదిలారు, మిగతా ఇద్దరూ ఆ మరుసటి ఏడు బయటికి వచ్చారు.

అమెరికా రాజ్యాంగంలో బానిస అన్న మాట ఎక్కడా లేదు. పని చేయడానికి కట్టుబడి ఉన్న వ్యక్తి మరో రాష్ట్రానికి పారిపోతే తిరిగి అప్పగించాలి అని మాత్రమే ఉంది. ఆ ఒక్క వాక్యం ఆధారంగా 1793లో చేసిన చట్టం పారిపోయినవారికి ఆశ్రయమిచ్చినవారికి 500 డాలర్ల జరిమానా పెట్టింది. దీని బరువు ఎంతో తెలిసింది ఒహైయో రైతు జాన్ వాన్ జాంట్ కేసులో. 1842లో సిన్సినాటి సంతలో సరుకు అమ్ముకుని తెల్లవారకముందే ఇంటికి మళ్లిన ఆయన, దారిలో తొమ్మిదిమంది నల్లజాతివారిని తన బండిలో ఎక్కించుకున్నాడు. వారు కెంటకీ నుంచి పారిపోయి వచ్చినవారు. బండిని అడ్డగించి ఎక్కువమందిని పట్టుకుపోయారు. తప్పించుకున్నవాని విలువ కోసం యజమాని దావా వేశాడు. ఒహైయోలో బానిసత్వం లేదు కనుక ఆ నేల మీద కనిపించే ప్రతి మనిషీ స్వతంత్రుడే అని భావించాలి, వారు బానిసలని ముందుగా ఎవరూ నోటీసు ఇవ్వనప్పుడు దారిన పోయేవారిని బండి ఎక్కించుకోవడం నేరమెలా అవుతుంది అని న్యాయవాది సామన్ చేజ్ సుప్రీంకోర్టు దాకా వాదించారు. 1847లో ఆ వాదన వీగిపోయింది. అదే ఏడు, ఆస్తి కరిగిపోయిన స్థితిలో వాన్ జాంట్ చనిపోయాడు.

భూమి మీద ఒక లెక్క ఉంటే నీటి మీద ఇంకా పెద్ద లెక్క ఉండేది, ఎందుకంటే ఓడలో ఒకేసారి చాలామందిని తీసుకుపోవచ్చు. 1848 ఏప్రిల్ 15 రాత్రి వాషింగ్‌టన్ రేవు నుంచి పెర్ల్ అనే చిన్న తెరచాప ఓడ 77 మందితో పొటోమాక్ నది మీదుగా బయలుదేరింది. ఓడ ఎడ్వర్డ్ సేయర్స్‌ది, ప్రయాణం ఒప్పుకున్నది డేనియల్ డ్రేటన్ అనే నావికుడు, వంటవాడిగా మరొకరు. దేశ రాజధాని నడిబొడ్డు నుంచి, కొందరు ప్రముఖుల ఇళ్ల నుంచి, అంతమంది ఒక్క రాత్రిలో మాయమవడం అంతకు ముందు ఎన్నడూ జరగలేదు. కానీ నది ముఖం దగ్గరకు చేరేసరికి ఎదురుగాలి వీచింది. చీసాపీక్ అఖాతంలోకి దిగి ఉత్తరానికి మళ్లడం సాధ్యం కాక, గాలి మళ్లేదాకా లంగరు వేసుకుని ఆగవలసి వచ్చింది. అక్కడే సేలం అనే ఆవిరి ఓడలో వచ్చిన ఆయుధధారులు వారిని పట్టుకున్నారు. వాషింగ్‌టన్ వీధుల్లో వారిని నడిపించుకుపోతుండగా జనం మీద పడి చంపేంత పని చేశారు. అదే ఊపులో బానిసత్వాన్ని వ్యతిరేకించే ఒక పత్రిక కార్యాలయం మీదికీ మూడు రోజులు గుంపులు కట్టాయి.

అభియోగాలు రాసిన తీరు చూడండి. ఓడలో ఉన్నవారికి 41 మంది యజమానులు ఉన్నారు, కనుక యజమానికొకటి చొప్పున 41 దొంగతనం అభియోగాలు. బానిసలను తరలించినందుకు విడిగా 74 అభియోగాలు, మనిషికొకటి. ఒకే ఓడ, ఒకే రాత్రి, ఒకే ప్రయాణం అయినా డ్రేటన్ ఒక్కడి మీద వందకు పైగా కేసులయ్యాయి. ప్రభుత్వ న్యాయవాదికి ప్రతి కేసుకూ ఫీజు ముట్టే పద్ధతి కూడా ఈ విభజనకు తోడ్పడిందని డ్రేటన్ పక్షం ఆరోపించింది. డ్రేటన్ తరఫున వాదించినవారిలో అమెరికా పాఠశాల విద్యకు రూపమిచ్చిన హోరెస్ మాన్ ఒకరు. దొంగతనమంటే పరుల సొమ్మును తన లాభానికి వాడుకోవాలనే ఉద్దేశం ఉండాలి, వదిలిపెట్టడం కోసం తీసుకుపోయినవాడు దొంగ ఎలా అవుతాడు అన్నది అసలు ప్రశ్న. తొలి న్యాయమూర్తి ఆ ప్రశ్నను తోసిపుచ్చారు, రెండు దొంగతనం కేసుల్లో కలిపి 20 ఏళ్ల శిక్ష వేశారు. పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది, మళ్లీ జరిగిన విచారణలో దొంగతనం నేరం నిలవలేదు. డ్రేటన్ దొంగ కాదని తేలింది. అయినా తరలింపు కేసులు మిగిలాయి, తలకింత జరిమానా కలిపితే పదివేల డాలర్లు దాటింది. అది కట్టేదాకా జైలు. ఓడ పనివాడు జన్మలో కట్టలేని మొత్తం అది, కాబట్టి జరిమానా అన్న పేరుతో పడినది యావజ్జీవ ఖైదే.

ఆ జరిమానాలో సగం ప్రభుత్వానికి, సగం బానిసల యజమానులకు చెందుతుంది. నాలుగేళ్ల తర్వాత సెనేటర్ చార్లెస్ సమ్నర్ అభ్యర్థన మీద అధ్యక్షుడు మిల్లార్డ్ ఫిల్‌మోర్ క్షమాభిక్షకు సిద్ధపడినప్పుడు వచ్చిన పెద్ద అడ్డంకి ఇదే: యజమానులకు రావలసిన సగాన్ని అధ్యక్షుడు మాఫీ చేయగలడా? చేయగలడని అటార్నీ జనరల్ జాన్ క్రిటెండెన్ అభిప్రాయం ఇచ్చాక, 1852 ఆగస్టులో డ్రేటన్‌ను, సేయర్స్‌ను విడుదల చేశారు. వర్జీనియా అధికారులు మళ్లీ పట్టుకుపోతారేమోనన్న భయంతో స్నేహితులు వారిని ఆ రాత్రే బండెక్కించి బాల్టిమోర్ వైపు తరలించారు. జైలులో చెడిన ఆరోగ్యం డ్రేటన్‌కు మళ్లీ కుదుటపడలేదు, 1857లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఓడలోని వారిలో చాలామందిని వ్యాపారులు కొని దక్షిణాదికి పంపేశారు. మేరీ, ఎమిలీ ఎడ్మన్సన్ అనే అక్కాచెల్లెళ్లను న్యూఆర్లియన్స్ దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చారు, చందాలు పోగుచేసి 2,250 డాలర్లు చెల్లిస్తే గానీ వారు విడుదల కాలేదు. డ్రేటన్ పడిన బాధ తక్కువ కాదు గానీ, పారిపోబోయి దొరికినవారికి ఏ జైలు గడువూ ఉండదన్న సంగతి మరవకూడదు.

ఇలాగే నీటి మార్గంలో, పెర్ల్ కన్నా నాలుగేళ్ల ముందు మరొకరు చిక్కారు. కేప్ కాడ్‌కు చెందిన నావికుడు జొనాథన్ వాకర్ 1844 వేసవిలో ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి ఏడుగురు బానిసలను పైకప్పు లేని పడవలో ఎక్కించుకుని బహామా దీవులకు బయలుదేరాడు. అవి బ్రిటిష్ దీవులు, అక్కడ బానిసత్వం రద్దయి పదేళ్లయింది. నడిదారిలో ఆయనకు వడదెబ్బ తగిలింది. దారి చూపగలిగింది ఆయన ఒక్కడే కావడంతో పడవ సముద్రం మీద తడబడింది, ఒక ఓడ వారిని పట్టి తిరిగి అప్పగించింది. శిక్షలు నాలుగు రకాలు: జరిమానా, జైలు, మెడనూ చేతులనూ కొయ్యరంధ్రాల్లో బిగించి గంటసేపు నలుగురిలో నిలబెట్టడం, కుడి అరచేతి మీద కాల్చిన ఇనుముతో రెండు ఎస్ అక్షరాలు వేయడం. ఆ అక్షరాలకు స్లేవ్ స్టీలర్, అంటే బానిసల దొంగ అని అర్థం. కొయ్యలో నిలబడి ఉండగా ఒక యజమాని ఆయన మీద కుళ్లిన గుడ్లు విసిరించాడు. ఆ తర్వాత చేతిని కొయ్యకు కట్టి కాల్చిన ఇనుమును అరచేతికి అదిమి కొన్ని క్షణాలు అలాగే ఉంచారు. నిప్పుల్లో గుప్పెడు ఉప్పు వేసినప్పటిలా చర్మం చిటపటమందని వాకరే తర్వాత చెప్పాడు.

ఆ ఇనుము పట్టుకున్నది ఎవరో గుర్తించాలి. ఫ్లోరిడా అప్పటికి రాష్ట్రం కాలేదు, అది వాషింగ్‌టన్ పాలనలోని భూభాగం. కనుక ముద్ర వేసినవాడు అమెరికా ప్రభుత్వ మార్షల్, అంటే కోర్టు ఉత్తర్వులు అమలుచేసే అధికారి. బానిసత్వం దక్షిణాది రాష్ట్రాల సొంత వ్యవహారమని, తమకు దానితో పనిలేదని భావించుకునే ఉత్తరాది పౌరులకు ఆ చేయి ఒక జవాబైంది. 1845లో విడుదలయ్యాక వాకర్ బోస్టన్‌లోని ఒక ఫొటో స్టూడియోలో తన అరచేతిని మాత్రమే ఫొటో తీయించుకున్నాడు. ముఖం లేదు, మనిషి లేడు, చొక్కా చేతి అంచు నుంచి బయటికి వచ్చిన ఒక చేయి, బొటనవేలి కింది కండ మీద రెండు అక్షరాలు. ఆనాటి లోహపు పలక మీద బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది కాబట్టి కుడిచేయి ఎడమచేయిలా కనిపిస్తుంది. సభల్లో ఆయన ఆ చేయి ఎత్తి చూపేవాడు. అక్షరాలు అవే, కానీ జనం వాటికి స్లేవ్ సేవియర్, అంటే బానిసల రక్షకుడు అని అర్థం చెప్పుకున్నారు.

సాయం చేసి కోర్టులో శిక్ష పడినవారిలో ఇంతవరకు చెప్పినవారంతా తెల్లజాతివారు. వారి పేర్లు మనకు ఎక్కువ తెలియడానికి ఒక కారణం, జైలు నుంచి వచ్చాక వారికి మాట్లాడే వేదికలు, అచ్చువేసే మిత్రులు దొరకడం. ఇదే పని చేసిన స్వతంత్ర నల్లజాతివారికి పడిన శిక్షలు వేరే రకంవి. డెలవేర్ రాష్ట్రంలో ఆ తేడా ఒకే బృందంలోని మనుషుల మధ్య కనిపిస్తుంది.

1845 డిసెంబరులో శామ్యూల్ బరిస్ అనే స్వతంత్ర నల్లజాతీయుడు హాకిన్స్ కుటుంబాన్ని, మరికొందరిని వెంటబెట్టుకుని డెలవేర్ మీదుగా ఉత్తరానికి నడిపించాడు. దారిలో, బానిసత్వాన్ని వ్యతిరేకించిన క్వేకర్ క్రైస్తవ శాఖకు చెందిన జాన్ హన్ అనే యువ రైతు తన పొలంలో వారికి చోటిచ్చాడు. విల్మింగ్‌టన్‌లో ఇనుప సామాను వ్యాపారం చేసే మరో క్వేకర్ థామస్ గారెట్ వారిని పెన్సిల్వేనియాకు పంపించాడు. ఇందుకు హన్, గారెట్‌ల మీద యజమానులు వేసిన దావాలు 1848 మేలో న్యూకాసిల్ కోర్టులో విచారణకు వచ్చాయి. అధ్యక్షత వహించినవారిలో ఒకరు అమెరికా ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, తొమ్మిదేళ్ల తర్వాత డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివారు పౌరులు కాలేరని తీర్పు రాసినవారు. ఇద్దరికీ వేల డాలర్ల భారం పడింది. గారెట్ వ్యాపారం దెబ్బతింది, హన్ పొలం పోయింది. అయినా ఇద్దరూ కోర్టు నుంచి తమ ఇళ్లకు తామే నడుచుకుంటూ వెళ్లారు. గారెట్ అరవై ఏళ్లకు దగ్గరపడిన వయసులో కోర్టు హాలులోనే, ఈ పని ఇంకా ఎక్కువ చేస్తానని అందరూ వినేలా చెప్పాడు, ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

బరిస్ 1847లో మరియా మాథ్యూస్ అనే స్త్రీని తప్పించబోతూ దొరికాడు. ఆయనకు డోవర్ జైలులో నెలల తరబడి నిర్బంధం, జరిమానా, ఆ పైన వేలం. డెలవేర్ చట్టం ప్రకారం ఈ నేరం చేసిన స్వతంత్ర నల్లజాతీయుడిని కొన్నేళ్ల వెట్టికి అమ్మేయవచ్చు. కొన్నేళ్లు అన్నది కాగితం మీది మాట. కొన్నవాడు దక్షిణాదికి తీసుకుపోతే గడువు ముగిసిందని అడిగేవారెవరూ ఉండరు, కనుక అది ఆచరణలో శాశ్వత బానిసత్వమే. ఇతరులను బానిసత్వం నుంచి విడిపించినందుకు శిక్షగా మనిషిని బానిసను చేయడం. తలకింత అన్న లెక్కలో ఇక్కడ ఆ తల సాయం చేసినవానిదే అయింది.

వేలం రోజున కోర్టు ముందు వ్యాపారులు చేరారు. బరిస్‌ను నిలబెట్టి, ఒళ్లు తడిమి, కండలు నొక్కి, పశువును చూసినట్టు చూశారు. వారిలో కొత్తగా వచ్చిన ఒక కొనుగోలుదారు మిగతావారికన్నా జాగ్రత్తగా పరీక్షించి, పాటలో 500 డాలర్లకు గెలిచాడు. అతను విల్మింగ్‌టన్‌కు చెందిన ఐజక్ ఫ్లింట్, బానిసత్వ వ్యతిరేక సంఘాల మనిషి. గారెట్ వంటి మిత్రులను చూడగానే అక్కడివారు గుర్తుపడతారని, ఎవరికీ తెలియని ఫ్లింట్‌ను ఎంచి, చందాల డబ్బు చేతికిచ్చి పంపారు. వ్యాపారిలా నటించడానికి అతను మిగతా వ్యాపారుల చూపునూ చేతి కదలికలనూ గమనించి అనుకరించాడు. రసీదు చేతికి వచ్చాక గానీ బరిస్ చెవిలో అసలు సంగతి చెప్పలేదు. అప్పటివరకు బరిస్‌కు తనను కొన్నవాడు ఎవరో తెలియదు. రసీదు రాసేంత వరకు ఆ మనిషి మనసులో ఏం జరిగి ఉంటుందో ఊహించడానికి కూడా ధైర్యం చాలదు.

మేరీలాండ్‌లో మరో రూపం. డార్చెస్టర్ కౌంటీలో నివసించిన మత బోధకుడు శామ్యూల్ గ్రీన్ తన స్వేచ్ఛను తాను కొనుక్కున్నవాడు. ఆయన కొడుకు 1854లో కెనడాకు పారిపోయాడు, ఆ తర్వాత కూతురిని ఆమె పిల్లల నుంచి వేరుచేసి మిస్సోరికి అమ్మేశారు. 1857 మార్చిలో అదే కౌంటీ నుంచి ఎనిమిదిమంది బానిసలు కలిసి పారిపోయినప్పుడు గ్రీన్ మీద అనుమానం వచ్చింది. ఇల్లు సోదా చేస్తే కెనడా పటం, రైలు వేళల కాగితాలు, కొడుకు ఉత్తరాలు దొరికాయి. వాటితో పాటు, బానిసల కష్టాలను చూపుతూ హ్యారియెట్ బీచర్ స్టోవ్ రాసిన అంకుల్ టామ్స్ కేబిన్ నవల దొరికింది. పటం, ఉత్తరాల కేసు కోర్టులో నిలవలేదు. నల్లజాతివారిలో అసంతృప్తి రేపే రాతలను స్వతంత్ర నల్లజాతీయుడు దగ్గర పెట్టుకోకూడదన్న చట్టం కింద నవల కేసు నిలిచింది. లక్షల ప్రతులు అమ్ముడై, తెల్లజాతివారి ఇళ్లలో బల్లల మీద ఉండే పుస్తకానికి గ్రీన్‌కు పదేళ్లు పడ్డాయి. ఆ చట్టంలో అదే అత్యల్ప శిక్ష. అయిదేళ్లు గడిచాక, 1862లో, రాష్ట్రం విడిచిపోవాలన్న షరతుతో వదిలారు. ఇండియానాలోని మాడిసన్ నుంచి వందలమందిని నది దాటించిన కమ్మరి ఎలైజా ఆండర్సన్‌కు ఆ పాటి అవకాశమూ దక్కలేదు, ఆయన 1861లో కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జైలు గదిలోనే చనిపోయాడు.

1850లో వచ్చిన కొత్త చట్టం ఉత్తరాదికీ ఈ లెక్కను విస్తరించింది. పారిపోయినవారికి సాయం చేస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, ఇవి కాక తప్పిపోయిన ప్రతి మనిషికీ వెయ్యి డాలర్ల చొప్పున యజమానికి పరిహారం. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. కేసు చూసే కమిషనర్‌కు అతన్ని యజమానికి అప్పగిస్తే పది డాలర్లు, వదిలేస్తే అయిదు డాలర్లు ఫీజు. కాగితాల పని ఎక్కువ కనుక అని ఆ తేడాకు కారణం చెప్పారు, ఆ కారణాన్ని నమ్మినవారు తక్కువ. మార్షల్ పిలిస్తే దారిన పోయే పౌరుడైనా వచ్చి పట్టుకోవడంలో సాయపడాలి.

అయితే ఉత్తరాదిలో జ్యూరీ సభ్యులు, ఇరుగుపొరుగు, పత్రికలు వేరు. 1858లో ఒహైయోలో జాన్ ప్రైస్ అనే వ్యక్తిని పట్టుకుపోతుంటే ఓబర్లిన్, వెల్లింగ్‌టన్ ఊళ్ల జనం విడిపించారు. 37 మంది మీద అభియోగాలు మోపినా విచారణ జరిగింది ఇద్దరికే. సైమన్ బుష్నెల్‌కు 60 రోజుల జైలు, నల్లజాతి ఉపాధ్యాయుడు చార్లెస్ లాంగ్‌స్టన్‌కు 20 రోజులు. తన రంగు మనిషికి ఈ దేశపు కోర్టులో సాటివారి జ్యూరీ దొరకదని, రేపు తననే ఎవరైనా పట్టుకుపోతే ఇలాగే ఎవరో అడ్డుపడాలని ఆశిస్తానని లాంగ్‌స్టన్ తీర్పుకు ముందు చేసిన ప్రసంగం విన్నాక న్యాయమూర్తి శిక్ష తగ్గించారు. ఖైదీలు క్లీవ్‌లాండ్ జైలు లోపలి నుంచే ఒక పత్రిక సంచిక అచ్చువేసి బయటికి పంపారు. ఒహైయోలో 20 రోజులు పడిన పనికే నది దక్షిణపు ఒడ్డున 15 ఏళ్లు పడేవి. కాబట్టి నదిని దాటి వెళ్లి సాయం చేసినవారికీ, తమ గడప దగ్గరకు వచ్చినవారికి సాయం చేసినవారికీ తేడా గుర్తించాలి. ఇద్దరూ గౌరవింపదగినవారే, మొదటివారు మాత్రం తిరిగి రాలేమని తెలిసే వెళ్లారు. 1851లో అలబామా దాకా వెళ్లి ఒక తల్లినీ ఆమె పిల్లలనూ ఇండియానా వరకు తీసుకురాగలిగిన సెత్ కాంక్లిన్ శవం, సంకెళ్లతో, పుర్రె పగిలి నదిలో తేలింది. ఆయన విచారణ దాకా కూడా రాలేదు.

ఫేర్‌బ్యాంక్ కథ మొదటి శిక్షతో ఆగలేదు. క్షమాభిక్ష కోసం గవర్నర్ దగ్గర మొరపెట్టుకోవడానికి న్యూయార్క్ నుంచి వచ్చిన ఆయన తండ్రి కలరాతో అక్కడే కన్నుమూశాడు. పూర్వపు యజమాని అడ్డుచెప్పకుండా ఉంటే విడుదల సాధ్యమని తెలిసినప్పుడు, బోస్టన్‌లో బట్టల దుకాణం పెట్టుకున్న లూయిస్ హేడెన్ చందాలు పోగుచేసి 650 డాలర్లు పంపించాడు. విడుదలైన మనిషి తనను విడిపించినవాడిని విడిపించడానికి ఒకప్పటి తన యజమానికి ధర చెల్లించాడు. 1849లో క్షమాభిక్ష మీద సంతకం చేసిన గవర్నర్, మూడేళ్ల తర్వాత డ్రేటన్ కేసులో అభిప్రాయం ఇవ్వబోయే జాన్ క్రిటెండెన్. పారిపోయినవారిని పట్టి అప్పగించే 1850 చట్టం రాజ్యాంగబద్ధమేనని అధ్యక్షుడికి చెప్పినవారు కూడా ఆయనే.

రెండేళ్లకు ఫేర్‌బ్యాంక్ మళ్లీ అదే నది ఒడ్డున ఉన్నాడు. 1851 నవంబరులో లూయివిల్ నుంచి టేమర్ అనే యువతిని దాటించి ఇండియానాలో భద్రమైన చోటుకు చేర్చాడు. వారం తిరక్కుండానే కెంటకీ మనుషులు నది దాటి వచ్చి, స్వేచ్ఛా రాష్ట్రపు నేల మీద నుంచి ఆయనను పట్టుకుపోయారు. మళ్లీ 15 ఏళ్లు. ఈసారి తప్పించింది ఒక్కరినే, కానీ తిరిగి చేసిన తప్పుకు లెక్క మారింది. ఫ్రాంక్‌ఫర్ట్ జైలులో జనపనార పని అప్పగించిన కొలతకు తగ్గితే కొరడా. ఆ ఏళ్లలో తన ఒంటి మీద పడిన దెబ్బలు 35,105 అని ఆయన లెక్క రాసుకున్నాడు. తలకింత అని తనకు శిక్ష కట్టిన చోట తానూ దెబ్బకొకటి చొప్పున లెక్క పెట్టుకున్నాడు. పెళ్లికి నిశ్చయమైన మాండానా టిలెస్టన్ జైలుకు దగ్గరగా ఉండాలని మసాచుసెట్స్ విడిచి ఒహైయోలోని ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చి, పన్నెండేళ్లు ఎదురుచూసింది. 1864లో గవర్నర్ రాష్ట్రంలో లేని సమయంలో, ఆ బాధ్యత చూస్తున్న లెఫ్టినెంట్ గవర్నర్ రిచర్డ్ జేకబ్ క్షమాభిక్ష ఇచ్చాడు. మొత్తం 17 ఏళ్లకు పైగా జైలులో గడిపి, 1898లో ఫేర్‌బ్యాంక్ పేదగానే చనిపోయాడు.

ఈ కేసుల్లో కొన్ని ఇటీవల మళ్లీ తెరుచుకున్నాయి. పారిపోయి వచ్చినవానికి తన బండిలో చోటిచ్చినందుకు 1843లో 400 డాలర్ల జరిమానా పడిన క్విన్సీ వైద్యుడు రిచర్డ్ ఈల్స్‌కు ఇల్లినాయ్ గవర్నర్ 2014 చివరి రోజున మరణానంతర క్షమాభిక్ష ఇచ్చారు. శామ్యూల్ బరిస్‌కు 2015 నవంబరు 2న డెలవేర్ గవర్నర్ ఇచ్చారు, ఆయన శిక్ష పడిన 168 ఏళ్లకు. క్షమాభిక్ష అన్న మాటకు నేరం జరిగిందనే అర్థం ఉంటుందని, తీర్పునే రద్దుచేయడం న్యాయమని అనేవారితో నేను ఏకీభవిస్తాను, అయినా చట్టంలో గవర్నర్ చేతిలో ఉన్నది ఆ ఒక్క కాగితమే. దానికి ఒక కేసు నంబరు, ఒక తీర్పు, దోషిగా తేలిన ఒక పేరు కావాలి. లెక్సింగ్‌టన్ నుంచి బండి తోలిన ఇజ్రాయెల్‌కు యాభై దెబ్బలు పడింది తీర్పు వల్ల కాదు, నోరు విప్పించడానికి. ఆయన పేరున క్షమించడానికి ఏ తీర్పూ లేదు.